యూసుఫ్ బాబాయి చేయనన్న బొమ్మ

అది మొదలైంది 1988 సెప్టెంబరు 13, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు. ఈ పూట, నేనుండే భాలుబాసా పేటలో, మా వీధి వడ్రంగి తలుపుకి చిత్రిక పడుతున్నాడు. టేకు పొట్టు వాసన కిటికీలోంచి రాగానే చేతిలో పని వదిలేసి, ముప్ఫై ఏళ్లు దాటినా ఆ పదీ ఇరవై దగ్గరే నిలబడిపోయాను.

అప్పట్లో నేను ఇదే ఊళ్లోని పర్సుడీహ్‌లో ఒక చిన్న ఇనుప పోత కార్ఖానాలో స్టోర్సు గుమాస్తాని. యూసుఫ్ బాబాయి అక్కడ పాటర్న్ మిస్త్రీ. ఇనుముతో పోయవలసిన ప్రతి వస్తువునూ ముందు ఆయన కర్రతో చెక్కేవాడు. ఆ అచ్చును ఇసుకలో అదిమి తీసి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోసేవారు. చల్లారితే ఇనుము కుదించుకుపోతుంది కనుక అచ్చు అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దదిగా ఉండాలి. ఆ లెక్క నాకు నేర్పింది ఆయనే. మాలాగే విజయనగరం వైపు నుంచి ఇంత దూరం పనికోసం వచ్చినవాడు, మా యాసే మాట్లాడేవాడు. అందుకే బాబాయి అయ్యాడు.

ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి యంత్రాలు కడిగి, బొట్లు పెట్టి, షెడ్డు బయట మట్టి విగ్రహం నిలిపేవాళ్లం. అంతకుముందు ఏడాది వానకి విగ్రహం కుడిచెయ్యి కరిగిపోయింది. ఈసారి టేకుతో చేయిద్దామని ఫోర్‌మన్ అప్పలస్వామి అన్నప్పుడు, బాబాయి చేస్తాడని నేనే మాటిచ్చాను. ఆయన్ని అడగలేదు. గౌరవం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మంగళవారం పదీ ఇరవైకి, టేకు చెక్కకి చిత్రిక పడుతున్న ఆయన దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పాను.

"ఏటమ్మా, నాకు సెప్పకుండానే మాటిచ్చీసినావా?" అని నవ్వాడు బాబాయి, చిత్రిక ఆపకుండానే.

"ఇచ్చీసినాను బాబాయ్. నీకన్నా పనోడెవుడున్నాడు?"

"నానొల్లనమ్మా."

నాకు కోపం వచ్చింది. "మా దేవుడంటే అసయ్యమేటి?"

చిత్రిక పక్కన పెట్టాడు. "అసయ్యమైతే మీ ఇంట తినీసి, ఇంకో గిన్నెడు మోసుకెల్తానా? ఇనుకో. దేవుడికి రూపం కట్టకు, రూపానికి మొక్కకు అని మాకు ఆజ్ఞ. అది నా సేతులకి సెప్పింది, నా నుదురుకి సెప్పింది. నీ సేతులకి కాదు. ఆళ్లు మొక్కేవాటిని తిట్టకండని అదే గ్రంథంలో ఇంకో మాటుంది. అదీ నాకే. ఒకటి పట్టుకుని రెండోది ఒదిలీమంటావా?"

ఆ నెలాఖరుకు హెడ్ మిస్త్రీ పదవి ఖాళీ అవుతోంది. వరస ప్రకారం అది బాబాయికి రావాలి. మర్నాడు అప్పలస్వామి అందరి ఎదుటా బొమ్మ సంగతి ఎత్తాడు.

"బొమ్మలు బద్దలుగొట్టిన మీ ప్రవక్త ఇబ్రహీం మనుషులు గదా మీరు! మా బొమ్మ సేత్తే సెయ్యి పడిపోద్దేటి?"

"ఆయన తగువాడింది తన తండ్రితోటి, తన జనంతోటి బాబూ," అన్నాడు బాబాయి. "నానూ మా ఇంట్లోనే తగువాడతాను. నా సేత్తో సేసిన అచ్చుని సూసుకుని నానే మురిసిపోతే, అది బొమ్మకి మొక్కినట్టేనని ముందు నన్నే తిట్టుకుంతాను. మీ ఇంటికొచ్చి బద్దలుగొట్టమని నాకెవుడూ సెప్పలేదు."

"అయితే హెడ్ మిస్త్రీ మాట మర్సిపో."

నేను లేచాను. "మాటిచ్చింది నాను. ఆయన్నడక్కుండా ఇచ్చినాను. తప్పు నాది, ఆయనకెందుకు సిచ్చ?" అన్నాను. అప్పలస్వామి నావైపు కూడా చూడలేదు. బాబాయి మాత్రం ఆకాశం వంక చూసి, "బొమ్మ సెయ్యను. అది తడవకుండా పందిరేత్తాను," అన్నాడు.

పొట్టకూటి కోసం విగ్రహాలు చెక్కే ముస్లిం పనివాళ్లు ఉన్నారు. పందిరి కూడా తగదని ఆయనతో వాదించిన బంధువులూ ఉన్నారు. ఆ ఆజ్ఞను ఆయన తన మనస్సాక్షితో చదువుకున్నాడు. గీత ఎక్కడ గీయాలో ఇంకెవరినీ గీయనివ్వలేదు.

మూడు సాయంత్రాలు, పదహారు గుంజలు. పదిహేడో తారీకు తెల్లారేసరికి మొదలైన వాన మధ్యాహ్నం రెండింటి దాకా కురిసింది. ఈసారీ నిలిపింది మట్టి విగ్రహాన్నే, దాని మీద ఒక్క చుక్క పడలేదు. హారతి ఇస్తుంటే బాబాయి పందిరి అవతల, చేతులు వెనక్కి కట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. తల వంచలేదు, ముఖం తిప్పుకోలేదు. దేవుడికి పెట్టింది ఆయన తినకూడదని, నైవేద్యం పెట్టకముందే ఒక బూందీ పొట్లం ఆయన కోసం విడిగా తీసి ఉంచాను. చేతిలో పెడితే, "ముందే తీసినావా?" అని ఒక్కటే అడిగాడు. తలూపాను. అక్కడే విప్పుకుని తిన్నాడు.

ఆ తరవాత నేను పనిచేసిన ఇరవై రెండేళ్లలో ఏ పూజకైనా ముందు పొట్లం తీయడం మానలేదు. ఎవరికి ఏది కూడదో అడిగి తెలుసుకున్నాకే వడ్డించాను. నా పేరు చెప్పి ఎవరైనా మాటిచ్చేస్తే, నవ్వుతూనే కాదనడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అలాంటి మనిషి పక్కన పనిచేశానని చెప్పుకోవడానికి నాకు ఎక్కడా సంకోచం లేదు.

పోయినవి ఇవి. హెడ్ మిస్త్రీ పదవి, ఒకటి. ఆ పదవిలో ఆయన ఉండవలసిన ఏళ్లు, ఏడు. కార్ఖానా మూతపడ్డ వారం పొయ్యిల్లోకి పోయిన ఆయన అచ్చులు, నేను లెక్కపెట్టినంతవరకు, రెండువందల పదకొండు. చివరికి, బాబాయి.