ఊటలో ముంచిన మెట్టె

జడ్చర్ల లైబ్రరీలో సైన్సు పుస్తకాల అలమారా మొత్తం చదివేసినవాడికి లోకంలో భయపడాల్సిందేమీ మిగలదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. (ఆ అలమారా చాలా చిన్నదన్న సంగతి అప్పుడు తోచలేదు.) తెలంగాణ వచ్చిన కొత్త. అమ్రాబాద్ అడవిలోని ఒక వేన్నీళ్ల ఊటలో గంధకం ఎంతుందో కొలవడానికి వచ్చిన సారు దగ్గర పెట్టెలు మోసే పనికి కుదిరాను. మరుసటి వారమే నా పెళ్లి. అవ్వ పూజలో పెట్టిచ్చిన వెండి మెట్టెల జత, ఇంట్లో ఉంటే చెల్లెళ్లు తొడుక్కుని చూస్తారని, నా చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

పొద్దున్నే ఊట దగ్గరికి చేరాం. ఆవిరి చెట్ల మధ్య మనిషెత్తున నిలబడి ఉంది. కుళ్లిన గుడ్ల వాసన. ఒక్క పిట్ట కూయడం లేదు. దారి చూపిన చెంచు తాత చెప్పులు విడిచి, పక్కింటి మనిషితో అన్నట్టు నీళ్లకేసి "మేమే, జర సేపుండి పోతం" అన్నాడు. నేను ఊరుకుంటానా? "తాతా, బుడగలంటే గంధకపు వాయువు..." అని పాఠం మొదలుపెట్టాను. "కానీ బిడ్డా, గొంతు తగ్గించు. ఈ ఊటలుండే ఆమె ఇల్లిది."

సారు మీటరుకు రెండు పుల్లలుండేవి. ఒకటి పోల్చుకోవడానికి, రెండోదాని కొసన వెండి తీగ. నీళ్లలోని గంధకం ఆ వెండిని తాకితే మీటరులో అంకె మారుతుంది. ఆ తీగ కాస్తా రాయికి తగిలి విరిగి ఊటలో పడింది. మళ్లీ అడవిలోకి అనుమతి దొరకదని సారు తల పట్టుకున్నాడు. అప్పుడు నా లైబ్రరీ చదువు ఊరుకోలేదు. "సార్, కావల్సింది వెండే గదా?" అంటూ ఒక మెట్టె తీసి పుల్లకు కట్టి ముంచాను.

అంకె సున్నా దాటి మైనస్‌లోకి దిగింది. ఎవరో చీకట్లో మెట్లు దిగుతున్నట్టు ఇంకా, ఇంకా కిందికి. చివరికి నిలబడింది. అది నిలబడగానే బుడగలూ ఆగిపోయాయి. సారు సంబరంగా రాసుకుంటున్నాడు. తాత మాత్రం నా వంక అదోలా చూశాడు.

"పెండ్లి మెట్టె ఆమెకిచ్చినవా?"

"ఇయ్యలే తాతా, ముంచిన, అంతే."

"గది ఆమెకెట్ల ఎర్కైతది?"

పుల్ల లాగాను. రాలేదు. గట్టిగా లాగితే అవతలి నుంచి ఎవరో మెత్తగా వెనక్కి లాగినట్టయింది. (రాళ్ల సందులో ఇరుక్కుని ఉంటుంది. ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను.) అలమారాలోని పుస్తకాలన్నీ ఒక్కసారిగా మరిచిపోయి చేతులు జోడించాను. "అమ్మా, నాకు పిల్ల కుదిరింది. మగ్గం నేసేటోళ్ల బిడ్డ. జర ఇడువు!" సారు విననట్టు మీటరుకేసి చూశాడు. పెద్ద బుడగొకటి నిట్టూర్పులా పైకొచ్చింది. పుల్ల వదులైంది. మెట్టె కాటుకలా నల్లగా మారిపోయింది.

పూజలో పెట్టిన జతను మార్చకూడదు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటే అపశకునమని అవ్వ పెళ్లే ఆపేస్తుంది. ఏం చేయాలో తోచక నేరుగా పిల్ల ఇంటికే పోయి, మగ్గం ముందు కూర్చున్న ఆమెకు జరిగిందంతా చెప్పాను. ఆమె నల్ల మెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతకూ, ఆమె నిన్ను ఇడిచిందా?"

"ఇడిచింది."

"నేనైతే ఇడువ" అని, పక్కనున్న పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసుకుని తోమడం మొదలుపెట్టింది.

పెళ్లి నాటికి మెట్టె తెల్లబడింది. ఇన్నేళ్లుగా తోముతున్నా దాని వంపులో ఒక నల్లగీత మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. ఎందుకొస్తుందో రసాయన సూత్రంతో సహా చెప్పగలను. కానీ స్నానానికి పెట్టిన నీళ్లు మరిగి బుడగలొచ్చినప్పుడు, ఇంట్లో ఎవరూ వినకుండా, ఆ తాతలాగే "నేనే" అని మెల్లగా అనకుండా చెంబు ముంచలేను.