కెప్టెన్‌ని లిఫ్ట్ మెకానిక్ చేసిన పిన్ని

మా పిన్ని డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. వచ్చిన బట్టకల్లా నంబరు చీటీ గుచ్చడం, జేబులు వెతకడం, సున్నితమైన గుండీలకి వెండిరంగు కాగితం చుట్టి మిషన్లోకి పంపడం ఆమె పని. ఎదుటి మనిషి చొక్కా చూడగానే ఏ గుండీ ఊడబోతోందో, ఏది మొరాయిస్తుందో చెప్పేస్తుంది. ఈ విద్య సాహిత్యంలో ఇంత పనికొస్తుందని ఆమె గానీ, వాళ్లింట్లో ఉంటూ ఎమ్మే సాహిత్యం చదువుతున్న నేను గానీ అనుకోలేదు.

అంతా ఒక టీవీ సీరియల్‌తో మొదలైంది. ఒక అంతరిక్ష నౌక, దానికో కెప్టెన్, ఆ నౌకలో ఒక డాక్టరమ్మ. ఇద్దరూ ఏళ్ల తరబడి గాజు తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి చూసుకున్నారే తప్ప ఒక్క అడుగు ముందుకెయ్యలేదు. చివరి ఎపిసోడ్లో కెప్టెన్‌ని చంపేశారు. ఆ పూట పిన్ని పొయ్యి వెలిగించలేదు. "చంపడానికి వీళ్లకి ఇంకెవరూ దొరకలేదా, వీళ్ల చేతులు పడిపోను" అని తిట్టుకుంటూనే ఉంది. మర్నాడు షాపులో ఎవరూ లేని సమయం చూసి ఫోన్లో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఆమె కథలో కెప్టెన్ చావలేదు. గాజు తలుపు తెరిచాడు. లోపలికి వెళ్లాక మళ్లీ వేశాడు కూడా.

ఇలాంటి కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఆ సీరియల్ అభిమానులు రాసుకుని చదువుకునే వెబ్‌సైట్ ఒకటుంది. పిన్ని అక్కడ పెట్టడం ఆలస్యం, జనం ఎగబడ్డారు. యూనిఫాం గుండీల దగ్గర ఆమె చూపించే శ్రద్ధ చూసి పాఠకులే ఆమెకి 'గుండీలక్క' అని పేరు పెట్టారు. "ఇంకా రెండు గుండీలు మిగిలాయక్కా, మమ్మల్నిలా వదిలేసి ఎక్కడికి పోయావు?" అని ఒకరు రాస్తే, "కోట్లు ఇస్త్రీ చేస్తున్నానమ్మా, ఆగండి" అని పిన్ని జవాబిచ్చేది.

అలా ఏడాది దాటాక శృంగార నవలలు వేసే ఒక ప్రచురణ సంస్థ నుంచి ఎడిటరమ్మ ఫోన్ చేసింది. నవల వేస్తారట. కానీ సీరియల్ వాసన ఎక్కడా ఉండకూడదు. పేర్లు, నౌక, గ్రహాలు, అన్నీ మార్చెయ్యాలి.

"మరి కెప్టెన్‌ని ఏం చేస్తావు పిన్నీ?" అన్నాను.

"లిఫ్ట్ మెకానిక్‌ని చేస్తా."

"అదేం పోలిక!"

"వాడూ పైకీ కిందికీ తిరిగేవాడేగా. పైగా వాళ్ల యూనిఫాంకి మెడ నుంచి నడుం దాకా ఒకటే జిప్పు. బోలెడు పేజీలు కలిసొస్తాయి."

డాక్టరమ్మ పళ్ల డాక్టరు అయింది. నౌక పన్నెండంతస్తుల భవనం అయింది. అంతా సాఫీగా సాగిపోయింది, ఒక్క పేరు దగ్గర తప్ప. అట్ట మీద మారుపేరు వేద్దామా, సొంత పేరు వేద్దామా అని ఎడిటరమ్మ అడిగింది. ప్రూఫులు తిరిగి పంపేలోగా చెప్పాలంది. పిన్నికి సొంత పేరే కావాలి. పెళ్లికి ముందు నాన్న కూతురిగా, పెళ్లయ్యాక ఫలానా వారి భార్యగా, షాపులో "ఏవండీ కౌంటరూ" గా, చివరికి వెబ్‌సైట్లో గుండీలక్కగా బతికింది. పూర్తి పేరు అచ్చులో ఒక్కసారి చూసుకోవాలని ఆశ. కానీ ఆ పూర్తి పేరులో ఇంటిపేరు వాళ్ల అత్తగారిది కూడా.

అత్తగారంటే, నేను బామ్మగారు అని పిలిచే ఆవిడ, ఆడపిల్లల స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఊళ్లో సగం మంది ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్లే. ఇంటిపేరు సంగతి ఆవిడ దగ్గర కదపమని బాబాయితో అంటే, "నేనసలు ఇంట్లో లేనమ్మా" అని, సోఫాలో కూర్చునే అన్నాడు.

ప్రూఫులు దిద్దడానికి పిన్ని ఒక పద్ధతి కనుక్కుంది. ఒకరు కామాలతో సహా పైకి చదవాలి. రెండోవాళ్లు రాతప్రతితో సరిచూడాలి. చదివే పని నాకు పడింది.

"నా వల్ల కాదు పిన్నీ."

"శృంగారం మీద పరీక్ష రాసి ఫస్టున పాసయ్యావు కదే!"

"అది ఎప్పుడో కాలం చేసిన కవులది."

"ఇది బతికున్న మీ పిన్నిది. కానీ."

బామ్మగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, పక్క గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం. ఆవిడ పడుకునే ముందు చెవి మిషన్ తీసేస్తారని ధైర్యం. నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను.

"అతని వేళ్లు ఆమె మెడ వెనక్కి, కామా, నెమ్మదిగా జారాయి, ఫుల్‌స్టాప్. జిప్పు సగంలో ఆగింది, ఫుల్‌స్టాప్. 'తొందరేముంది, ప్రశ్నార్థకం' అంది ఆమె."

"గట్టిగా చదవవే, గొంతులో పిల్లి కూర్చుందా?"

"ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా మంచం మీంచి మెల్లగా పైకి లేచారు, ఫుల్‌స్టాప్. ఆమె తల పైకప్పుని తాకింది, ఫుల్‌స్టాప్. నవ్వుకుంటూ గుండ్రంగా తిరిగి, కామా, మళ్లీ పరుపు మీదికి..."

"ఆగు."

ఆ మాట పిన్నిది కాదు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో బామ్మగారు, చెవికి మిషన్‌తో సహా.

"పైకప్పు దాకా ఎలా వెళ్లారు?" అన్నారు.

పిన్ని నా చేతిలో కాగితం లాక్కుని చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, నౌక! అప్పుడు వాళ్లు నౌకలో ఉన్నారు అత్తయ్యా. అక్కడ బరువుండదు, మనుషులు తేలతారు. నౌక తీసేశాను గానీ వీళ్లని దించడం మర్చిపోయాను!"

అక్కడే ఎడిటరమ్మకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, సంగతి చెప్పింది. "అదా మేడమ్?" అందావిడ. "మా ఆఫీసులో అందరికీ అదే నచ్చింది. ప్రేమలో తేలిపోయారన్న భావం కదా?" నేను కూడా నిన్న ఒక్కదాన్నే తిరగేసినప్పుడు ఆ వాక్యం పక్కన 'చక్కని కల్పన' అని పెన్సిల్‌తో రాసుకున్నాను. కాగితం వెనక్కి తీసుకుని, మెల్లగా బొటనవేలితో చెరిపేశాను.

"భావం లేదు, ఏమీ లేదు," అన్నారు బామ్మగారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "పళ్ల డాక్టరు తల కాంక్రీటుకి తగిలితే బొప్పి కట్టదూ? ఇంతకీ, ఎవరి పేరుతో వస్తోందిది?"

పిన్ని గబుక్కున ఫోన్ పెట్టేసింది.

"మారుపేరు వేసుకోవచ్చన్నారు అత్తయ్యా."

"వాళ్లన్నది కాదు. నీకేం కావాలి?"

"నా పేరు." ఫోన్ పక్కన పెడుతూ, "కానీ ఇంటిపేరు మీది కూడా కదా. ఇలాంటి పుస్తకం మీద..."

బామ్మగారు నా చేతిలోంచి మిగతా పేజీలు తీసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటే తిప్పుతూ చదివారు. పిన్ని తన చీర కుచ్చిళ్లు సర్దింది, మళ్లీ సర్దింది. ఒక పేజీ దగ్గర బామ్మగారి పెదవి ఒక పక్కకి కదిలింది. కోపమో నవ్వో తెలియలేదు.

"జిప్పు బాగా రాశావు," అన్నారు చివరికి. "కానీ మంచం సంగతి ముందు సరిచెయ్. తప్పుల తడకకి నా ఇంటిపేరు పెడితే మాత్రం ఊరుకోను."

పిన్ని నన్ను చూసింది. నేను పిన్నిని చూశాను. తప్పులు లేకపోతే ఊరుకుంటారన్నమాట!

అక్కడికక్కడే దిద్దింది. ఈసారి వాళ్లిద్దరూ పైకి లేవలేదు. ఒకరినొకరు వదలకుండా దొర్లి, దుప్పటితో సహా మంచం మీంచి దబ్బున కింద పడ్డారు. కింది ఫ్లాటు ఆయన కర్రతో పైకప్పు మీద పొడిచాడు. వాళ్లు నోళ్లు మూసుకుని నవ్వారు.

నేను చదివాను, ఈసారి కాగితం అడ్డం పెట్టుకోకుండా. బామ్మగారు తల పంకించారు.

"ఇదీ, ఇది నిజంగా జరిగినట్టుంది," అన్నారు.

పిన్నీ నేనూ ఆ తర్వాత చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూస్తే నవ్వు ఆగదని.

సాయంత్రం ఎడిటరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పిన్ని లేచి నిలబడి, గొంతు సవరించుకుని, తన పేరు చెప్పింది.

"ఇంటిపేరేదీ?" వరండాలోంచి కేక వినిపించింది. "ఇంటిపేరు ముందు చెప్పవేం అమ్మాయ్!"

పిన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పింది, పక్కింటివాళ్లు కూడా వినేంత గట్టిగా.