డెబ్బై రెండో పేజీ

ప్యో మున్‌తెక్ గారికి సినిమా భాషలో వచ్చిన మాట ఒక్కటే. "కట్!" ఆ మాట డైరెక్టరు మాత్రమే అనాలని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

కొరియాలోని ఆందోంగ్ ఊళ్లో ఉన్న తన పెంకుటిల్లు షూటింగుకి ఇచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు కూడా ఒక్కటే. "నా ఇంట్లో తద్దినం తీస్తే పద్ధతిగా తియ్యాలి. తప్పు కనిపిస్తే ఊరుకోను." డైరెక్టరు హ్యోజంగ్‌కి అది మొదటి సినిమా. పెద్దాయన ముచ్చట కదా అని తలూపింది.

మొదటి రోజే తెలిసొచ్చింది. హీరో కళ్లనీళ్లతో తండ్రి ఆత్మకు మొక్కుతున్నాడు. వెనక నుంచి, "కట్!"

"ఏమైంది తాతగారూ?"

"ఎర్రపళ్లు తూర్పున ఉండాలి, తెల్లవి పడమర. మీ ఆపిల్ పళ్లు దారి తప్పాయి."

"కెమెరాకి కనపడవండీ!"

"తినడానికొచ్చేది కెమెరానా?"

మర్నాడు చేప తల పడమరకి తిరిగిందని కట్. ఆ మర్నాడు కూరలో వెల్లుల్లి వాసనొచ్చిందని కట్. అలవాటు ముదిరి వీధికెక్కింది. స్టాపులో ఆపకుండా పోతున్న బస్సుకు కూడా కట్ చెప్పారు. చిత్రమేమిటంటే బస్సు ఆగింది!

ఇక మిగిలింది చివరి రోజు. ఆ రోజు తియ్యాల్సిన దృశ్యానికే హ్యోజంగ్ భయపడుతోంది. సినిమా అంతా ఆ ఒక్క దృశ్యం కోసమే తీసింది. అందులో కూతురు, గోడకు ఫొటో పెట్టి, పోయిన తల్లికి తన చేత్తో బియ్యపు మద్యం పోసి మొక్కుతుంది. హ్యోజంగ్ వాళ్లమ్మ ముప్పై ఏళ్లు అత్తింటి పెద్దల తద్దినాలకు వండి పెట్టింది, ఒక్కనాడూ నైవేద్యాల బల్ల ముందుకు రాలేదు. ఆవిడ పోయాక, మద్యం పోసేది మగవాళ్లేనని బాబాయిలు హ్యోజంగ్‌ని కూడా వంటింట్లోకే తరిమారు. అందుకే తాతగారికిచ్చిన స్క్రిప్టులోంచి డెబ్బై రెండో పేజీని ముందే చింపేసింది.

నటి గిన్నె ఎత్తింది. తాతగారు లేచారు. "కట్!"

హ్యోజంగ్‌కి ఏడుపొచ్చింది. "ఈ ఒక్కటీ వదిలెయ్యండి తాతగారూ! కూతురు పోస్తే తప్పేంటి?"

"పొయ్యనీ, ఎవరొద్దన్నారు? బల్ల మీద పీచ్ పండు పెట్టిందెవరు?"

అందరూ నాలుక కరుచుకున్నారు. పీచ్ ఉన్న ఇంటి గడప ఆత్మలు తొక్కవని తెలియని కొరియావాడు ఉండడు. రంగు బాగుందని పెట్టేశారు.

"అమ్మని భోజనానికి పిలిచి మొహాన తలుపేస్తారా?" అంటూ పండు తీసి జేబులో వేసుకున్నారు.

"మరి... మీకు కోపం లేదా?"

"నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. డెబ్బై ఒకటి తర్వాత డెబ్బై మూడు రాదని తెలీదా? గోడ మీద ఫొటోలో ఆవిడ ముక్కు ఎవరిదో తెలీదా?"

హ్యోజంగ్ చెయ్యి తన ముక్కు మీదికి పోయింది.

"పాపం, మొట్టమొదటిసారి కూతురు పిలిస్తే వస్తోంది. మర్యాదలో లోపం రాకూడదనేగా ఇన్నాళ్లూ గొంతు చించుకున్నా!"

గిన్నెను రెండు చేతులా పట్టి అగరు పొగ మీద మూడుసార్లు తిప్పడం నటికి ఆయనే నేర్పారు. కెమెరా తిరిగింది. నటి పోసింది, మొక్కింది, నుదురు నేలకానించి ఉండిపోయింది. ఇన్నేళ్లూ వంటింటి గుమ్మంలోంచి చూసినదాన్ని హ్యోజంగ్ మొదటిసారి ఎదురుగా నిలబడి చూసింది. ఎంత గొప్పగా ఉంది! కట్ చెప్పాల్సింది తనేనన్న సంగతే మరిచిపోయింది.

ఎంతసేపటికీ ఎవరూ కట్ చెప్పరే! బస్సునే ఆపిన మనిషి వైపు అందరూ తిరిగారు. ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉన్నారు.

"తాతగారూ, మీరైనా చెప్పండి," అని గొణిగాడు కెమెరామన్.

ఆయన వేళ్లసందులోంచి కసిరారు. "ఉండవయ్యా! ఆవిడ ఇంకా భోంచేస్తోంది."