గిర్మిట్టు తీరినవాళ్ళ బండి

మా నాయనమ్మ కాంతమ్మ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. కూర ఎలా ఉందని అడిగితే "మాడలేదు" అనేది. అంతకు మించిన మెప్పు ఆమె దగ్గర ఎవరికీ దొరకలేదు. అలాంటి ఆవిడ, బులిలేకాలో తన గడప ముందు చాప వేసుకుని కూర్చున్నప్పుడు, రంగస్వామి పేరు వస్తే మాత్రం కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చునేది. అందుకే అతని సంగతి రాస్తున్నాను. పెద్ద పేరున్నవాడేమీ కాదు. మా దీవి చరిత్ర రాసిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ అతను కనపడలేదు. కనపడకపోతే నష్టం వాళ్ళకే.

రంగస్వామి విశాఖపట్నం వైపు మనిషి. 1903లో మద్రాసులో ఓడెక్కి ఫిజీలో దిగాడు. ఐదేళ్ళు చెరకు తోటలో పనిచేస్తానని వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని ఇక్కడ గిర్మిట్టు అంటారు. ఆ గిర్మిట్టు కింద అతన్ని లంబాసా దగ్గర ఒక ఎస్టేటుకు పంపారు. అది తీరాక గుర్రబ్బండి కొనుక్కుని నది రేవు నుంచి దుకాణాలకు బస్తాలు తోలేవాడు. గుర్రానికి "కులంబరు" అని పేరు పెట్టాడు. ఎస్టేటులో మనవాళ్ళ మీద పెత్తనం చేసే తెల్లదొరను కులంబరు అనేవారు. రోజంతా రోడ్డు మీద "ఒరే కులంబరూ, నడవరా సోమరిపోతా" అని గట్టిగా అరుచుకుంటూ పోయేవాడు. దొరలు పక్కనుంచి పోతున్నా గొంతు తగ్గించేవాడు కాదు. గుర్రాన్ని తిట్టుకుంటే ఎవరు కాదంటారు?

అయితే నాయనమ్మ అతన్ని మెచ్చుకున్నది ఈ ధైర్యానికి కాదు. గిర్మిట్టు కింద ఉన్నవాళ్ళు పనిరోజుల్లో పాసు లేకుండా ఎస్టేటు హద్దు దాటకూడదు. ఆదివారం వస్తే బట్టలుతుక్కోవడానికీ ఒళ్ళు నొప్పులు తీర్చుకోవడానికే సరిపోయేది. దాంతో ఐదేళ్ళు దీవిలో ఉండి దీవి మొహం చూడనివాళ్ళు వందల మంది. గిర్మిట్టు తీరిన రోజు పొద్దున్నే ఆఫీసులో చేతికి ఒక కాగితం ఇచ్చి, ఇక నువ్వు ఎటైనా పోవచ్చు అనేవారు. ఎటు పోవాలో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. చాలామంది గేటు దాటి కాసేపు నిలబడి, ఆకలేసి, భయమేసి, సాయంత్రానికి మళ్ళీ లైన్లలోకి, అంటే అవే కూలీల గదుల వరసల్లోకి, వచ్చేసేవారు. కూలీలకు మేస్త్రీ అయిన సర్దారు వరండాలో బల్ల వేసుకుని, సిరా పెట్టుకుని, వాళ్ళ కోసమే కూర్చునేవాడు. వేలు వేస్తే మళ్ళీ ఐదేళ్ళు.

రంగస్వామి ఆ సంగతి పట్టుకున్నాడు. ఎవరికి ఏ రోజు గిర్మిట్టు తీరుతుందో ముందే కనుక్కుని, ఆ పొద్దున గేటు బయట బండి నిలిపేవాడు. బండిలో ఒక్కర్నే ఎక్కించుకునేవాడు. ఇద్దరెక్కితే వాళ్ళలో వాళ్ళు కబుర్లు పెట్టుకుంటారు, దీవిని చూడరు అనేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పి, ఇది ఫలానా, అది ఫలానా అని చూపించి, చివరికి భూమి కౌలుకు దొరికే చోటుకో, మనిషి సాయం కావలసిన ఇంటికో చేర్చేవాడు. కిరాయి పుచ్చుకునేవాడు కాదు. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే, "కులంబరుకు నడక కావాలి" అనేవాడు. అసలు కారణం అతను మొదటిసారి నోరు విప్పి చెప్పింది 1916 జూలైలో, మంగమ్మ అనే ఆవిడతో.

మంగమ్మకు అప్పటికి పాతికేళ్ళు. భర్తతో కలిసి వచ్చింది. రెండో ఏడు అతను జ్వరంతో పోయాడు. మిగతా మూడేళ్ళూ ఒంటరిగా కలుపు తీస్తూ, తిట్లు తింటూ లాక్కొచ్చింది. ఆ పొద్దున కాగితం చేతికిచ్చేటప్పుడే సర్దారు చెప్పాడట: సాయంత్రం గంట కొట్టేలోగా వచ్చి వేలు వేస్తే నీ గది నీదే, రాకపోతే రేపు ఇంకొకరికి ఇచ్చేస్తాను, ఒంటరి ఆడదానివి, ఎక్కడ పడుకుంటావో ఆలోచించుకో అని. ఆవిడ ఆలోచించుకుంటూనే గేటు బయటికి వచ్చింది. బండి చూసింది. సాయంత్రం గంటకు తిరిగి తెస్తానంటేనే ఎక్కుతానంది. రంగస్వామికి అది నచ్చలేదు. అయినా సరేనన్నాడు.

మొదట మిల్లు చూపించాడు. చెరకు ఆడే క్రషింగు రోజులు, చెరకు ట్రక్కులు పట్టాల మీద వరసగా నిలబడి ఉన్నాయి. బెల్లం మాడిన వాసన దూరం నుంచే ముక్కులోకి వస్తోంది. ఇంత పెద్ద మిల్లు భూమ్మీద ఇంకోటి లేదని రంగస్వామి చెప్పాడు. అతను చూసిన మిల్లు అదొక్కటే. ఆ పొగగొట్టం ఎత్తు గురించి అతను చెప్పే లెక్క ఏడాదికేడాది పెరుగుతూ పోయిందని నాయనమ్మ నవ్వేది. మంగమ్మ బండి దిగలేదు. ఐదేళ్ళు తను కలుపు తీసిన చెరకు ఇక్కడికే వస్తుందా అని మాత్రం అడిగింది. ఇక్కడికే అన్నాడు. ఆమె తల ఊపింది.

మిల్లు దాటాక రోడ్డు పక్కన పోలీసు ఠాణా వస్తుంది. బయట కావలి ఉన్న ఫిజీ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. బండిలో లైన్ల మనిషి కనపడితే కాగితం అడగడం అతని పని. మంగమ్మ బండిలో వెనక్కి జరిగింది. ఒకసారి పాసు లేకుండా పక్క ఎస్టేటుకు వెళ్ళినందుకు ఆమెను ఈ ఠాణాలోనే పెట్టారు. తడబడుతూ పంటితో కొంగుముడి విప్పి కాగితం ఇచ్చింది. పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి తిరిగిచ్చేసి, "లాకో" అన్నాడు. వాళ్ళ భాషలో పొమ్మని.

బండి ఇంకో ఫర్లాంగు పోయింది. రంగస్వామి నేలలోంచి ఉబికే వేడినీటి గుంటల గొప్పతనం మొదలుపెట్టాడు. మంగమ్మ వినడం లేదు. బండి వెనక్కి తిప్పమంది. ఏదైనా పడిపోయిందేమో అనుకుని తిప్పాడు. ఏమీ పడిపోలేదు. ఆవిడకు మళ్ళీ ఠాణా ముందునుంచి పోవాలట. పోలీసు మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి కొంగుముడి ముందే విప్పి ఉంచింది. కాగితం ఇచ్చింది, తీసుకుంది, "లాకో" అనిపించుకుంది. మిల్లు దాకా పోయాక మళ్ళీ తిప్పమంది. రంగస్వామికి ఒళ్ళు మండింది. దీవిలో ఇన్ని వింతలుంటే ఠాణా చూడ్డమేమిటని కులంబరును అడ్డమైన తిట్లూ తిట్టాడు. మూడోసారి పోలీసు వీళ్ళను గుర్తుపట్టి, నవ్వి, కాగితం అడక్కుండానే పొమ్మన్నాడు. మంగమ్మ ఒప్పుకోలేదు. బండి ఆపించి, కిందికి దిగి, కాగితం అతని మొహం ముందు పెట్టి, అతను చూసేదాకా అక్కడే నిలబడింది. ఈ సంగతి చెప్పేటప్పుడు మా నాయనమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగేంతగా నవ్వేది. నవ్వి నవ్వి, ఆఖరికి కొంగుతో కళ్ళు తుడుచుకునేటప్పుడు అవి నవ్వు నీళ్ళేనా అని నాకు అనుమానం వచ్చేది.

ఠాణా దగ్గర చాలాసేపు పోయింది, ఆ తర్వాత కూడా రంగస్వామి అనుకున్నట్టు ఏదీ జరగలేదు. వేడినీటి గుంటలో గుడ్డకు కట్టి దుంపలు వేశాడు. మంట లేకుండా ఉడకడం చూసి అందరూ నోరు తెరుస్తారు. మంగమ్మ తిని, ఉప్పు తక్కువైంది అంది. గుట్ట ఎక్కించి సముద్రం చూపించాడు. దూరంగా తెల్లటి నురగ గీత, దాని ఇవతల లేత ఆకుపచ్చ నీళ్ళు. అక్కడే అందరూ మెత్తబడతారని అతని నమ్మకం. మంగమ్మ ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగి కూర్చుంది. ఆ నీళ్ళ మీద ఆమె భర్త పక్కన కూర్చుని వచ్చింది. అది ముందే ఎందుకు తోచలేదని రంగస్వామి తన్ను తనే తిట్టుకున్నాడు. గుర్రాన్ని కాదు, నిజంగా తన్నే.

మధ్యాహ్నం తిరిగాక బులిలేకా చేరారు. నాయనమ్మ అప్పటికి రెండేళ్ళ ముందు గిర్మిట్టు తీర్చుకుని, తాతయ్యతో కలిసి పదెకరాలు కౌలుకు తీసుకుంది. వరి నాటడానికి ఆడమనిషి సాయం కావాలి. ఆమె తీరు ఆమెదే కదా, నీళ్ళయినా ఇవ్వకుండా నారు తీయడం వచ్చా, తెల్లారి ఎన్నింటికి లేస్తావు, ఒంట్లో ఏమైనా జబ్బు ఉందా అని వరసగా అడిగేసింది. వెనక చిన్న గడ్డి గది ఉంది, చూసుకో అంది. మంగమ్మ చూసింది. బాగుందనీ అనలేదు, వస్తాననీ అనలేదు. పొద్దు వాలుతోందని గుర్తుచేసింది. అన్నం తిని పొమ్మన్నా ఆగలేదు. "నేను కొంచెం మెత్తగా మాట్లాడాల్సింది" అని నాయనమ్మ ముసలితనంలో కూడా అనుకునేది. ఆవిడ నోట ఇంకే విషయంలోనూ ఆ మాట నేను వినలేదు.

సాయంత్రం గంటకు ముందే తిరిగొచ్చారు. ఎస్టేటు గేటు ముందు రంగస్వామి బండి ఆపాడు. లోపల దూరంగా వరండాలో సర్దారు బల్ల కనపడుతోంది. ఆవేళ గడువు తీరినవాళ్ళు నలుగురైదుగురు అప్పుడే వరసలో నిలబడ్డారు. మంగమ్మ బండి దిగింది.

"పగలంతా బాగుంది అన్నా," అంది. "చీకటి పడితే ఎటు పోతాను? ఆ కాంతమ్మ ఏటి నాకు? మా ఓడ మనిషా, మా వాళ్ళ మనిషా? ఈ గదైతే నాకు తెలుసు. చూరు ఎక్కడ కారుద్దో కూడా తెలుసు."

రంగస్వామి చాలామందితో చాలా వాదించినవాడు. భూమి గురించీ, కూలి గురించీ గడగడా చెప్పగలడు. ఆ సాయంత్రం అవేవీ ఎత్తలేదు. కళ్ళాలు వదిలేసి, నేల చూస్తూ చెప్పాడు.

"నేనూ ఇలాగే వచ్చీసినాను. పంతొమ్మిది వందల ఎనిమిదిలో. పొద్దున్న కాయితం ఇచ్చినారు. రోడ్డు మీద అటు కాసేపు నడిసినాను, ఇటు కాసేపు నడిసినాను. ఏ దారి ఎటు పోతాదో తెలీదు. గంట కొట్టక ముందే వచ్చి ఏలు వేసీసినాను. ఇంకో ఐదేళ్ళు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ పట్టుకోలేదు. నా కాళ్ళతో నేనే వచ్చినాను, మంగమ్మా. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

మంగమ్మ అతన్ని కాసేపు చూసింది. గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది.

గిర్మిట్టు తీరి బయట బతికేవాడు అనుమతి లేకుండా లైన్లలో అడుగుపెడితే నేరం. రంగస్వామి బయటే ఉండిపోయాడు. ఆమె తన గదిలోకి వెళ్ళడం, మూట చంకన పెట్టుకుని రావడం కనిపించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె గేటు వైపు రాలేదు. వరండా వైపు తిరిగి, మూటతో సహా పోయి ఆ వరసలో నిలబడింది. గంట కొట్టారు. వరస ఒక్కొక్కరే ముందుకు జరుగుతోంది. ఆమె ముందు ఇద్దరున్నారు, తర్వాత ఒక్కరే. ఆమె బల్ల దగ్గరకు చేరి వంగడం చూసి అతను మొహం తిప్పేసుకున్నాడు. అంత సిగ్గు విప్పి చెప్పుకున్నా పని జరగలేదన్న బాధ కంటే, ఇంకో ఐదేళ్ళు ఆ పిల్ల ఏమైపోతుందోనన్న భయమే ఎక్కువైందని తర్వాత నాయనమ్మతో చెప్పాడు. బండి తిప్పుకుని పోదామనుకున్నాడు, చేతులు రాలేదు.

అడుగుల చప్పుడు వినపడితే చూశాడు. మంగమ్మ బండి పక్కన నిలబడి ఉంది. ఆయాసపడుతోంది. అతను ఆమె మొహం వైపు చూడలేదు, కుడిచేతి వైపు చూశాడు. అది కనిపెట్టి ఆమె బొటనవేలు చాపి చూపించింది. మట్టి ఉంది. సిరా లేదు.

మరి వరసలో ఎందుకు నిలబడ్డావని అడిగాడు.

"సర్దారుకి మొహం మీద చెప్పీసి వచ్చినాను," అంది మంగమ్మ. "చెప్పకుండా వస్తే పారిపోయినట్టుంటాది గదా."

రంగస్వామి ఏడ్చేశాడు. ఆమె చూడనట్టే బండెక్కి, మూట పక్కన పెట్టుకుని కూర్చుంది.