సగం పానకం

మగ్గం గుంటలోంచి చౌడయ్యను పైకి లాగడానికి నలుగురు మగవాళ్ళు కావలసొచ్చింది. మంగళగిరి నేతగాళ్ళ వీధిలో ఆ సంగతి పాకడానికి పూట కూడా పట్టలేదు. పాపం అన్నవాళ్ళు కొందరుంటే, మొహం తిప్పుకుని నవ్వినవాళ్ళే ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడు తొడ ఎముక విరిగి నెలల తరబడి మంచం మీద ఉండిపోయాడు చౌడయ్య. పిల్లల్లేని ఇల్లు. భార్య భద్రమ్మకు ఉన్న బిడ్డా దేవుడూ అతనే. ఎముక అతుక్కోవాలని నెయ్యీ, మినప సున్నుండలూ దగ్గర కూర్చుని తినిపించింది. ఎముక అతుక్కుంది గానీ మనిషి మాత్రం మూడింతలయ్యాడు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, నేసిన బట్ట చుట్టే కర్ర పొట్టకు ఆనాలి. అతనికి ఆనడం కాదు, పొట్టలో దిగబడి ఊపిరి ఆడనివ్వలేదు.

"దసరా దాకా చూస్తానన్నయ్యా. అప్పటిగ్గూడా నువ్వు గుంటలో దిగలేకపోతే నా మగ్గం అక్కడేసుకుంటాను. ఖాళీగా ఉంచి ఏం లాభం?" అన్నాడు తమ్ముడు ఏడుకొండలు. తప్పన్నదేం లేదు. కానీ అది వాళ్ళ నాన్న తవ్విన గుంట. ఊహ తెలిసినప్పటి నుంచీ చౌడయ్య కాళ్ళు ఆడింది అందులోనే. నేత పోతే తనలో ఇంకేం మిగులుతుందో అతనికి తోచలేదు.

బెజవాడ గవర్నరుపేటలో కృపానందం గారని, పటాలంలో పనిచేసి వచ్చిన డాక్టరు ఉన్నాడు. చౌడయ్యను కాటా మీద నిలబెట్టి, గుండెకు గొట్టం పెట్టి చూసి, చిన్న తెల్ల బిళ్ళలిచ్చాడు.

"ఇవి ఆకలిని చంపేస్తాయి. రెండు పూటలా అంబలి, ఆకుకూర. అంతే. ఇంకేమీ తినకూడదు."

"తిననండి."

బిళ్ళలు నిజంగానే ఆకలిని చంపేశాయి. ఎదురుగా విస్తరి వేసినా చెయ్యి వెళ్ళేది కాదు. ఆకలితో పాటు నిద్రనీ చంపేశాయి. నోరు పిడచకట్టుకుపోయేది, గుండె దడదడలాడేది, ఊరికే కోపం వచ్చేది. అయినా నెల తిరిగేసరికి మొలతాడు వదులైంది. భద్రమ్మ మూడోవేలు దూర్చి చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"ఇదంతా పానకాలస్వామి దయ. మీరు గుంటలో కూర్చునే రోజుదాకా రోజూ బిందెడు పానకం పోస్తానని మొక్కుకున్నా. ఆ మాత్రలు వేడి చేస్తున్నాయి, పానకం మీకు చలవ కూడాను" అంది.

మర్నాటి నుంచి తెల్లవారకముందే చిన్న బిందె చంకనెట్టుకుని కొండ ఎక్కేది. స్వామి సగం తాగి సగం వదిలేస్తాడు గదా, ఆ సగం ప్రసాదం. మామూలుగా అయితే అది నలుగురికీ పంచాలి. భద్రమ్మ పంచేది కాదు. మొక్కు మొగుడి పేరు మీద ఉంది, ఇంకొకరు తాగితే ఫలం వాళ్ళకు పోతుందని ఆమె భయం. అందుకని తనూ గుక్కెడు తాగేది కాదు. పైగా ఒంటిపూట భోజనం పెట్టుకుంది. బెల్లం కంటికి కనబడని ఆ రోజుల్లో ఎక్కడెక్కడ తిరిగి తెచ్చేదో ఆమెకే తెలియాలి.

చౌడయ్య కళ్ళకద్దుకుని ప్రసాదమంతా తాగేవాడు. ఎండిన నోటికి అదొక్కటే హాయిగా ఉండేది.

అంతే, ఒళ్ళు తగ్గడం ఆగిపోయింది. నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. మొలతాడు ముడి ఉన్నచోటే ఉంది. లావు తగ్గాలని బిళ్ళలు మింగుతున్నది అతనైతే, చిక్కి సగమవుతున్నది భద్రమ్మ. ఆ సంగతి మాత్రం అతని కంటికి ఆనలేదు. తన పొట్ట తప్ప అతనికి ఇంకేమీ కనబడని రోజులవి.

"దొంగతిండి తింటున్నావా, చౌడయ్యా?" అన్నాడు డాక్టరు కాటా చూసి.

"మా కులదేవత చౌడమ్మ తల్లి మీద ఒట్టండి. మీరు చెప్పిన అంబలి తప్ప ఇంకో మెతుకు ముట్టలేదండి."

"మరి గాలి తాగి ఉంటున్నావా ఇట్లా?"

తల కొట్టేసినట్టయింది. మీటరుగేజి చిన్న రైల్లో ఇంటికొస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. తను తినలేదు. మరి పెట్టేదెవరు? గుమ్మంలో చెప్పులు విడవకుండానే అరిచాడు.

"అంబలిలో నెయ్యి కలుపుతున్నావుటే? నేనిట్లా పడుంటే నీకు బావుందా?"

భద్రమ్మ రాట్నం దగ్గర మరిది మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. రాట్నం ఆపేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నా మొక్కులోనే ఏదో లోపమొచ్చింది. రేపట్నుంచి పెద్ద బిందె పట్టుకెళ్తాను" అంది.

పట్టుకెళ్ళింది. ఆషాఢం ముసురులో, ఖాళీ కడుపుతో, పెద్ద బిందెతో. ఒకరోజు దిగుతూ దిగుతూ మెట్ల మీద కూలబడిపోయింది. అప్పటికే ఒళ్ళు కాలిపోతోందట. పట్టుకొచ్చిన ఆడవాళ్ళు చెప్పారు, తను పడిందిగానీ బిందె ఒలకనివ్వలేదని. ఆ చలిజ్వరం ఇక దిగలేదు. వారం తిరక్కుండానే పోయింది. నెయ్యి మాట అన్నందుకు తప్పయిపోయిందని చెప్పుకునే తెలివి చౌడయ్యకు వచ్చేసరికి, వినే తెలివి ఆమెకు లేదు.

కర్మకాండ అయిపోయింది. అంబలి తమ్ముడి భార్య పోస్తోంది. అదే అంబలి, అదే ఆకుకూర, అవే బిళ్ళలు. కానీ మొలతాడు జారిపోవడం మొదలుపెట్టింది. వినాయకచవితి వెళ్ళాక డాక్టరు కాటా చూసి భుజం తట్టాడు.

"ఇన్నాళ్ళకు దారికొచ్చావు. ఏం మానేశావేమిటి?"

"ఏమీ మానలేదండి. నా భార్య పోయిందండి."

డాక్టరు చెయ్యి తీసేశాడు. మెల్లగా అడిగాడు. "ఆవిడ పెట్టేదేదైనా ఇప్పుడు లేకుండా పోయిందా?"

"ఏం లేదండి. కొండ మీంచి పానకం తెచ్చేదండి. ఇప్పుడు తెచ్చేవాళ్ళు లేరు."

"రోజూనా? ఎంత?"

చౌడయ్య చేతులతో బిందె సైజు చూపించాడు.

"అది ప్రసాదం కదండీ. తిండి ఎట్లా అవుతుందండీ?" అన్నాడు. డాక్టరు గొట్టం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "తిండి కాదు కదండీ?" అని మళ్ళీ అడిగాడు.

"అదంతా బెల్లమే కదా, చౌడయ్యా" అన్నాడు డాక్టరు, అతని మొహంలోకి చూడకుండా.

దసరా ముందు రోజు గుంటలో దిగాడు. ఎవరూ పట్టుకోలేదు. కర్ర పొట్టకు ఆనీ ఆననట్టు నిలబడింది. ఏడుకొండలు గుమ్మంలో నిలబడి చూసి, "మొక్కు నెగ్గిందన్నయ్యా. ఆఖరి బిందె ఒకటి పోసి రావాలేమో" అని, అంతలోనే నాలుక కరుచుకున్నాడు. ఇంట్లో మనిషి పోయినవాళ్ళు ఏడాది దాకా కొండ ఎక్కకూడదు.

తమ్ముడు వెళ్ళాక చౌడయ్య గుంటలోంచి లేచాడు. అటక మీద, మర్నాటి పానకానికని భద్రమ్మ గుడ్డలో కట్టి దాచిన బెల్లం ముద్ద అట్లాగే ఉంది. తనే మిరియాలు నూరి, చెంబులో పానకం కలిపాడు. తీసుకెళ్ళి ఆమె రాట్నం ముందు పెట్టి, నేల మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"మొక్కు తీరిందే భద్రమ్మా. ఇవాళన్నా తాగవే. నువ్వు సగం తాగి, నాకు సగమియ్యవే."