వల దాకా కనిపించే బంతి

ఫీజీకి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకు నాందీ ఊరి దగ్గర గోల్ఫ్ మైదానం వేసినప్పుడు గడ్డి నాటిన కూలీల్లో మా నాయన ఒకడు. సబేటో పొలాల్లో చెరకు కోసిన చేతులవి. తర్వాత ముప్పై ఏళ్లు అక్కడే గడ్డి కోశాడు. నేను పెద్దయ్యాక అదే మైదానం దుకాణంలో, మనిషికి తగిన క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర, చూసి బిగించే పనిలో చేరాను. ఆ పనిలో అప్పటికి ఆడవాళ్లు లేరు.

కొంతకాలానికి దుకాణం వెనకగదిలోకి కొలిచే మషీన్ వచ్చింది. బంతి వెనక నేల మీద పెట్టే చిన్న పెట్టె. ఎదురుగా వల. బంతి వలకు తగిలేదాకానే అది చూస్తుంది. మిగతా దూరమంతా లెక్కకట్టి తెర మీద చూపిస్తుంది. ఆ అంకెలు చూసే నేను క్లబ్బులు ఎంచేదాన్ని.

ఒకరోజు, నేను డ్రైవర్ అనే దూరం కొట్టే క్లబ్బు అమర్చి ఇచ్చిన ఒక రిటైరైన నర్సమ్మ తిరిగి వచ్చింది. ఫీజీ మూలవాసుల ఊరి మనిషి, అయినా మా ఫీజీ హిందీ చక్కగా మాట్లాడుతుంది.

"బేటీ, కమ్రా మే అచ్చా జాయే. బాహర్ జల్దీ గిర్ జాయే," అంది. గదిలో బాగా పోయే బంతి బయట తొందరగా పడిపోతోందట. కోపం లేదు ఆమెకు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దుకాణం మేనేజర్ తల ఎత్తకుండానే అన్నాడు. "మషీన్ ఝూట్ నై బోలే. ఆమె ఆటే తప్పు." మషీన్ అబద్ధం చెప్పదన్నది ఆయన నమ్మకం.

ఇంటికి వెళ్లి నాయనకు చెప్పాను. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"రేప్పొద్దున గాలి లేవకముందే పోదాం. నువ్ కొట్టు. బాల్ ఎక్కడ పడ్తే అక్కడ పుల్ల పెడ్తా. టేప్‌తో నాపుదాం." కొలవడాన్ని ఆయన నాపడమనే అంటాడు.

మరునాడు పొద్దున్నే మంచు తడి ఆరకముందే వెళ్లాం. నర్సమ్మకు ఇచ్చినటువంటి క్లబ్బుతోనే పది బంతులు కొట్టాను. నాయన దూరంగా నిలబడి ఒక్కో బంతి పడ్డచోట ఒక్కో పుల్ల గుచ్చాడు. తర్వాత అవే బంతులు గదిలో కొట్టాను. తెర మీది దూరానికీ పుల్లల దూరానికీ పొంతనే లేదు. పైగా బంతి వెనక్కి తిరిగే వేగం గదిలో చాలా ఎక్కువ చూపించింది. అంతగా తిరిగే బంతి మరీ పైకి లేస్తుంది కాబట్టి, ఆ అంకె నమ్మే నేను ఆమెకు బంతిని తక్కువ ఎత్తులో పంపే క్లబ్బు ఇచ్చాను. అందుకే అది బయట ముందే నేలకు వాలిపోతోంది.

మషీన్‌తో వచ్చిన పుస్తకం అప్పటిదాకా ఎవరూ విప్పలేదు. భోజనానికి కూడా వెళ్లకుండా మొత్తం చదివాను. గదిలో కొట్టే బంతికి చిన్న వెండిరంగు చుక్క అంటించాలని, అది లేకపోతే తిరిగే వేగం ఊహించిన అంకేనని అందులో ఉంది. పెట్టెకూ బంతికీ మధ్య దూరం కూడా సరిగ్గా పెట్టాలట. కార్పెట్ మార్చినప్పుడు ఎవరో పెట్టెను మూరెడు ముందుకు జరిపారు. మషీన్ లోపల రాసి ఉన్నది మాత్రం పాత దూరమే.

టేప్ పట్టి సరిచేశాను, చుక్కలు అంటించాను. మళ్లీ కొడితే తెరమీది అంకెలు పుల్లల దగ్గరికి వచ్చాయి.

మేనేజర్‌ను పిలిచి ముందటి అంకెలూ ఇప్పటివీ రెండూ చూపించాను. ఆయన తెర మీది అంకెలు ఒక్కొక్కటే వేలితో సరిచూశాడు.

"మషీన్ ఝూట్ నై బోలే అన్నాను కదా," అన్నాడు నెమ్మదిగా. "మనమే దానికి ఝూట్ చెప్పాం."

నర్సమ్మను పిలిపించి కొత్తగా కొలిచాను. బంతిని ఇంకాస్త ఎత్తుకు లేపే క్లబ్బు బిగించి, ఈసారి మైదానంలోనే కొట్టించాను. మూడో బంతికే ఆమె నవ్వింది. అప్పటినుంచి మా దుకాణంలో బయట కొట్టి చూడకుండా ఏ క్లబ్బూ అమ్మకూడదన్నది నియమం. ఆ నియమం రాసి గోడకు అంటించింది నేనే.

తర్వాతి ఆదివారం గుడిలో భజన అయ్యాక నాయన పెద్దవాళ్ల మధ్య కూర్చుని చెబుతుంటే విన్నాను.

"మా బిడ్డ మషీన్‌కి నాప్ నేర్పింది."

నేను మనిషికో గరిటె ప్రసాదం పంచుతున్నాను. పంచుతూ ఆయన ముందుకు వచ్చాను. ఆయనకు రెండు గరిటెలు వేశాను.