బుల్లమ్మ గ్లాసు, రామనర్సయ్య చెవులు

మా ఎదురింటి రామనర్సయ్యకు చీమ నడిచినా వినపడుతుందని వాడలో ఒక పుకారు ఉంది. దాన్ని పుట్టించింది బుల్లమ్మేనని ఇంకో పుకారు. బుల్లమ్మంటే నేనే. రెండో పుకారు సగమే నిజం. నేను "దోమ ఎగిరినా" అన్నాను. దాన్ని చీమ చేసింది పక్కింటి సుక్కి. ఇక మొదటి పుకారు ఎంత తప్పో చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. తెలుగు రాష్ట్రం హద్దు దాటి, భోపాల్‌పట్నంలో బస్సు దిగి ఇంకో బస్సెక్కితే వస్తుంది, అంతే. మా అబ్బాయి దుర్గేశ్ ఇక్కడి నగర్ పంచాయత్ ఆఫీసులో గుమాస్తా. అదీ ఏటేటా పెద్దసాబు సంతకం పెడితేనే నిలిచే కచ్చా కొలువు. ఊరి పేరు రాస్తే వాడు ఇంట్లో కూర్చుంటాడు, వాడికి వండి పెడుతూ నేనూ కూర్చుంటాను.

రామనర్సయ్యకు పిచ్చి ఒకటే. ఎక్కడికి పోయినా చేతిలో నీళ్ల గ్లాసు ఉండాలి. తాగడానికి కాదు. వెళ్లినచోట ముందు గ్లాసు పెడతాడు, నీళ్లకేసి చూస్తాడు, నీళ్లు ఏం చెప్పాయో గానీ తలాడిస్తాడు, ఆ తర్వాతే మనిషికేసి చూస్తాడు. ఆ మనిషి నోరు తెరిచీ తెరవకముందే "మొహం ఇటు పెట్టి మాట్లాడు" అంటాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అంత అధికారంగా అడగరు.

పైగా ఆ గ్లాసు నాది. ఈయన ఎక్కడో కంకర కొట్టే మిషన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసి, పెళ్లాం పోయాక ఒంటరిగా వచ్చి ఎదురింట్లో దిగాడు. ఆరేళ్ల కిందటి మాట. పాపం కదా అని దిగిన రోజున మజ్జిగ పంపాను. మజ్జిగ తాగాడు, గ్లాసు ఉంచుకున్నాడు. చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించుకున్న స్టీలు గ్లాసు!

"నా గ్లాసేది రామనర్సయ్యా?"

"మొహం ఇటు పెట్టి అడుగు వదినె."

"నా గ్లాసేదీ అంటున్న!"

"ఇగో, నా చేతిలనే ఉన్నది గదా. ఏడికి పోతది?"

కంకరతో పాటు సిగ్గును కూడా అక్కడే పిండి కొట్టించుకుని వచ్చినట్టున్నాడు.

ఆయన పొగరు చెప్పడానికి ఒక గ్లాసు చాలదు. తలుపు కొడితే తీయడు. కిటికీ ముందుకు వెళ్లి నిలబడాలి. వెనకనుంచి పిలిస్తే తిరగడు. ఫోను కొనలేదు. "కనబడనోనితోటి మాటలేంది?" అంటాడు. మా అరుగు మీద నలుగురు ఆడవాళ్లం, ఇద్దరు ముసలాళ్లు రోజూ చేరతాం కదా, ఒక్కనాడు వచ్చి కూర్చోలేదు. సందు అవతల తన కిటికీలో, సినిమా చూసేవాడిలా కళ్లు మూయకుండా మాకేసి చూస్తూ ఉండేవాడు.

"మనం ఆయన కంటికి ఆనుతలేమా ఏంది?" అనేది సుక్కి.

"ఆనకపోతే కిటికీ మూసుకోమను," అనేదాన్ని నేను.

నా అరుగంటే మాటలు కాదు. ఆవపల్లి నుంచి వచ్చిన పెళ్లి కబురు దగ్గర్నుంచి, నగర్ పంచాయత్‌లో ఏ కాగితం ఏ సొరుగులో నిద్రపోతోందన్నదాకా, ముందు నా అరుగు మీద తేలాకే ఊళ్లోకి పోతుంది. తెలుగులో వచ్చినా, హల్బీలో వచ్చినా, గోండీలో వచ్చినా, దోర్లీలో వచ్చినా తీసుకుంటాను. నేను చదివింది ఐదో తరగతే గానీ, కబురు చెప్పేవాళ్లు నా దగ్గర సర్టిఫికెట్ అడగరు.

అలాంటి అరుగుకు మూడేళ్ల కింద గండం వచ్చింది. మా ఇంటి పక్కనే నగర్ పంచాయత్‌కు కొత్త భవనం కట్టారు. దాని ముఖం పెద్దరోడ్డుకు, వీపు మా సందుకు. లోపల సభామందిరానికి ఏసీలు పెట్టించి, వాటి మిషన్లు ఆరింటిని బియ్యం బస్తాల్లా మా వైపు గోడకు వేలాడదీశారు. చల్లదనం వాళ్లకు, వేడీ హోరూ మాకు. పొద్దున పదింటికి మొదలైతే సాయంత్రం ఐదింటిదాకా ఒకటే రొద. సభలో మనుషులుంటారా అంటే, నాలుగు నెలలకు ఒకసారి ఉంటారు.

"మరి రోజూ ఎందుకురా నడుపుడు?" అని దుర్గేశ్‌ను అడిగాను.

"అండ్లనే పెట్టిన కంప్యూటర్లు వేడెక్కుతయమ్మా."

ఉన్నవి రెండు కంప్యూటర్లు. అందులో ఒకటి చెడిపోయింది. చెడిపోయినదానికి చల్లగాలి ఎందుకంటే, జ్వరమొచ్చింది కాబోలు!

వారం రోజులు అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. గుట్టు మాటలు అరిచి చెప్పుకోవడం ఎలా? "మా కోడలు మళ్ల అలిగిందే బుల్లక్కా!" అని సుక్కి అరిస్తే, సందు చివర నుంచి కోడలే "నేనెప్పుడలిగిన?" అని అరిచింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఖాళీ అరుగు చూడలేక తలుపు వేసుకుని పడుకోవడం నేర్చుకున్నాను. అన్నం సయించలేదు. సుక్కి కోడలు అలిగిందో లేదో తెలియకుండా ముద్ద ఎలా దిగుతుంది?

"ఆ మిషన్లు తీపియ్యిరా, నీ కాళ్లు మొక్కుత," అన్నాను దుర్గేశ్‌తో.

"మన ఇంటికెల్లి కాయితం పోయిందని తెలిస్తే పెద్దసాబు నా సంతకం ఆపుతడు. నువ్వు నోరు మూసుకోవే అమ్మా."

మూసుకున్నాను. పుట్టాక అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే రామనర్సయ్య నా గ్లాసు పట్టుకుని ఆఫీసుకు బయల్దేరాడు. అక్కడేం జరిగిందో దుర్గేశ్ వచ్చి చెప్పాడు. పెద్దసాబు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే "క్యా హై బాబా?" అన్నాడట.

"మొహం ఇటు పెట్టి మాట్లాడు సాబ్."

ఇరవై ఏళ్ల నౌకరీలో ఆయన మొహం ఎటు పెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబోలు, సాబు ఉలిక్కిపడి తలెత్తాడట. రామనర్సయ్య కాగితం చేతికిచ్చి, "మీ మిషన్లు సందును బతకనిస్తలేవు. నన్ను నమ్మకు, నీళ్లను జూడు. ఎట్ల వణుకుతున్నయో," అని హిందీలోనే అన్నాడట.

గ్లాసు మీద నా పేరుంది! సాబుకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఆ రోజు దుర్గేశ్ కొలువు నిలిచింది. నా మీద అనుమానం రాకుండా ఉండాలని ఆ సాయంత్రమే వాడంతా తిరిగి, "ఈయనవి ఏమన్నా బంగారు చెవులా? దోమ ఎగిరినా వినబడ్తదేమో!" అని తిట్టి వచ్చాను. పైకి తిట్టాను గానీ, లోపల మాత్రం 'వదలకు రామనర్సయ్యా' అనుకున్నాను.

నగర్ పంచాయత్ ఊరుకోలేదు. ముగ్గురిని తనిఖీకి పంపింది. తనిఖీ చేసేవాళ్లకు ఇబ్బంది కలగకూడదని, వాళ్లు వచ్చేముందు మిషన్లు ఆపించింది. ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు. "ఏ శబ్దమూ లేదు" అని రాసుకున్నారు. నా ఇంట్లోనే టీ తాగి సందు దాటారో లేదో, మిషన్లు మొదలు.

రామనర్సయ్య రెండో కాగితం పెట్టాడు. ఈసారి మిషన్ల కింద పెద్ద బోర్డు వచ్చింది: 'దయచేసి నిశ్శబ్దం పాటించండి' అని హిందీలో. అదీ మా వైపు తిప్పి! హోరు వాళ్లదట, నిశ్శబ్దం మాదట.

ఇంకో కాగితానికి మిషన్ల చుట్టూ రేకులు కట్టారు. దాంతో మిషన్లు రాగం తీస్తే రేకులు తాళం వేశాయి. ఆ తర్వాత ఎవరో చదువుకున్నవాడు, చెట్లు శబ్దాన్ని తాగేస్తాయని చెప్పాడట. నాలుగు మొక్కలు నాటి, పదకొండు మంది వాటిని పట్టుకుని ఫొటో దిగారు. అవి శబ్దం తాగేలోపు మేకలు వాటిని తిన్నాయి. ఫొటో మాత్రం ఇప్పటికీ ఆఫీసు గోడ మీద పచ్చగా ఉంది.

ఇలా మూడెండాకాలాలు గడిచాయి. ప్రతిసారీ రామనర్సయ్య గ్లాసు తీసుకుని వెళ్లడం, "నీళ్లు ఇంకా వణుకుతున్నయ్ సాబ్" అనడం, రావడం. ఆయన వస్తుంటే ఆఫీసులో బల్లల మీది కాగితాలు ముందే పక్కకు జరిపేవారట, తడుస్తాయని.

ఈ మే నెలలో వార్డుకొక సమస్యల శివిర్, అదే శిబిరం, పెట్టారు. పెద్దసాబుకు పైఅధికారి, కొత్తగా వచ్చిన ఎస్‌డీఎం మేడం స్వయంగా కూర్చుని అందరి మాటా వింటుందన్నారు. మా వార్డులో శామియానా వేయడానికి మా సందు తప్ప జాగా లేదు.

"మిషన్లు ఆపాల్నా సార్?" అని దుర్గేశ్ అడిగితే, "నడవనీ. ఎవరి మాటా వినపడకపోతే పని తొందరగా అయిపోతుంది," అన్నాడట పెద్దసాబు. ఆ తెలివిలో పావు వంతు పని మీద పెట్టినా ఊరు బాగుపడేది.

సాబు అనుకున్నట్టే అయింది. రేషన్ కార్డులో తన పేరు ఎగిరిపోయిందని సుక్కి గొంతు చించుకుంటే, మేడం నవ్వి "బధాయీ హో" అని శుభాకాంక్షలు చెప్పింది. తర్వాత రామనర్సయ్య వచ్చాడు. మేడం ముందు నా గ్లాసు పెట్టాడు. నీళ్లు గజగజా వణికాయి. మేడం నీళ్లకేసి చూసింది. పెద్దసాబు పక్కకు వంగి దుర్గేశ్ చెవిలో ఏదో అన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్నాను నేను. నలభై ఏళ్లుగా వార్తలు పట్టిన చెవులు నావి. ఒక్క ముక్క అందలేదు.

రామనర్సయ్య మాత్రం, కంకర మిషన్లను దాటి అరిచి అరిచి రాటుదేలిన గొంతుతో అప్పజెప్పాడు: "మేడం, మీ సాబు ఏమంటుండంటే, 'ముసలోనికి వచ్చే వారం అని చెప్పు, వచ్చే వారం ఎవడు జూసిండు' అంటుండు!"

హిందీలో, సాబు అన్నది అన్నట్టే. సాబు నోరు తెరుచుకుంది. మళ్లీ దుర్గేశ్ వైపు వంగాడు.

"ఇప్పుడు, 'వీనికి ఎట్ల వినబడ్డదిరా' అంటుండు!"

జనం గొల్లున నవ్వారు. సాబు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సింది. ఆ తెలివి మాత్రం రాలేదు.

"'మేడం అన్నానికి లేచినంక ఈ కాయితం అడుగున పెట్టెయ్' అంటుండు!"

అప్పుడు మా దుర్గేశ్ సాబుకు కనపడకుండా మొహం ఇటు తిప్పుకుని పళ్ల మధ్య ఏదో గొణిగాడు. రామనర్సయ్య వాడికేసి చూశాడు. ఇదీ అప్పజెప్తే నా కొడుకు కొలువు పోయినట్టే అనుకున్నాను. ఆయన ఏమీ అప్పజెప్పలేదు. గ్లాసెత్తి, అందులోని నీళ్లు గటగటా తాగేశాడు. ఆరేళ్లలో ఆ గ్లాసులో నీళ్లు ఆయన తాగడం నేను చూసింది అదొక్కసారే.

మేడం లేచి చెయ్యి ఎత్తింది. మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ముందుగా వినపడింది సుక్కి గొంతు: "సాబు మొహం ఉడికిన చామగడ్డ లెక్క అయ్యిందే బుల్లక్కా!"

ఇరవై రోజుల్లో మిషన్లు భవనం నెత్తి మీదికెక్కాయి. కింద రబ్బరు దిమ్మలు, మూతులు పెద్దరోడ్డు వైపు. దానికీ ఫొటో దిగారు. మూడేళ్లుగా ఇదే తమ కల అని కింద రాయించారు. నా అరుగు మళ్లీ నిండింది. రామనర్సయ్య చెవుల కీర్తి ఉసూరు అనే ఊరి దాకా పోయింది. ఆయన కిటికీ కింద నడిచేవాళ్లు ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నారు.

నిన్న నా గ్లాసు తెచ్చుకుందామని వాళ్లింటికి పోయాను. తలుపు తీసే ఉంది. వంటింట్లో వీపు ఇటు పెట్టి గోంగూర తుంచుతున్నాడు. పక్కనే కుక్కరు కూతల మీద కూతలు వేస్తోంది. పప్పు మాడిన వాసన.

"రామనర్సయ్యా!" పలకలేదు. "ఓ రామనర్సయ్యా, పప్పు మాడ్తున్నది!" ఉలకలేదు. చీమ నడిచినా వినపడే మనిషి! ఒళ్లు మండి, గోడకు ఆనించిన ఇత్తడి గంగాళాన్ని ఒక్క తోపు తోశాను. అది సందంతా అదిరేలా పడింది. పీట మీది గ్లాసులో నీళ్లు కదిలాయి. ఆయన నీళ్లకేసి చూశాడు. అప్పుడు తిరిగాడు.

ఆరేళ్లు. ఎదురిల్లు. ఊళ్లో ఎవరింట్లో ఏ కూరో చెప్పే నేను, బుల్లమ్మను, నా కళ్ల ముందున్న సంగతి కనిపెట్టలేదు! పొయ్యి ఆపి, మొహం ఆయన వైపు పెట్టి, మెల్లగా అడిగాను.

"నీకు చెవులు వినబడవా?"

"కంకర మిషన్లు తినేసినయ్ వదినె. పదిహేనేండ్లాయె."

"మరి శివిర్ల సాబు మాట?"

"పెదవులు జూసిన. ఆ హోరుల మీరందరు చెవిటోళ్లయితిరి, నాకొక్కనికే వినబడ్డది."

"నీకు వినబడని హోరు కోసం మూడేండ్లు ఆ ఆఫీసు చుట్టు ఎందుకు తిరిగినవయ్యా?"

రామనర్సయ్య గ్లాసులో నీళ్లు పారబోసి, కండువాతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"నీ నోరు కదిలితెనే నాకు ఊరు వినబడేది వదినె. ఆ కిటికీల కూసుండి రోజు నీ కబుర్లే సదువుకునేటోన్ని. మిషన్లు బెట్టినంక అరుగు ఖాళీ అయ్యె. నువ్వు తలుపేసుకుంటివి, అన్నం మానేస్తివి. నువ్వు కాయితం పెడితే పిలగాని కొలువు పోతది. నేను పెడితే నాదేం పోతది, చెవులా? ఆనాడు సాబును నీ కొడుకు ఏమని తిట్టిండో అది గూడ నా కడుపులనే ఉన్నది, భయపడకు. అది సరే గని, మొన్న సుక్కి కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో చెప్పుకుంట చెప్పుకుంట అటు తిరిగితివి. ఎందుకు పోయిందట? మొహం ఇటు పెట్టి చెప్పు."